చింతపండుతో తోమిన చక్రాలు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో కారంటే మా నాన్న కారే. అద్దంకి రోడ్డు పక్కన నల్లరేగడి చేల మధ్య ఊరు మాది. వానాకాలంలో బురదలో కాలు పెడితే కాలు వచ్చేది గానీ చెప్పు వచ్చేది కాదు. నాన్నకు కొంచెం పత్తి, కొంచెం మిరప సాగున్నా ప్రాణమంతా ఎవరి దగ్గరో పాతదిగా కొన్న ఆ తెల్లకారు మీదే. దాన్ని బాడుగకు తిప్పేవాడు. పెళ్ళివారు, నొప్పులు పడే ఆడవాళ్ళు, గుంటూరు యార్డులో మిర్చి ధర చూసివద్దామనుకునే రైతులు, అందరూ అందులోనే ఎక్కేవాళ్ళు. నేను మాత్రం అది ఇంటి ముందు ఆగి ఉన్నప్పుడే ఎక్కి కూర్చునేదాన్ని.

ఇంట్లో పెత్తనం మా నాయనమ్మది. ఆమె మాట్లాడితే పొలంలో ఉన్నవాళ్ళకు కూడా వినపడేది. కోపం వచ్చినా, ప్రేమ వచ్చినా అదే గొంతు. ఆమె నోరే నాకు వచ్చిందని మా ఇంట్లో అంటుంటారు, నేనేమీ కాదనను. కానీ ఆమె చెయ్యి కూడా వచ్చి ఉంటే బాగుండేది. ఏ పని ముట్టుకున్నా అద్దంలా చేసేది. మా ఇంటి ఇత్తడి బిందెలు చూసి పక్క ఊరి వాళ్ళు సైతం తమ కోడళ్ళను సాధించేవాళ్ళు.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. తండ్రి లేడు. తల్లి పత్తి ఏరడానికి, మిరపకాయ కొయ్యడానికి కూలికి వెళుతూ ఆమెను చదివించింది. నాకు ఎక్కాలు నేర్పింది ఆ అక్కే. తప్పు చెబితే కొట్టేది కాదు, మళ్ళీ మొదటి నుంచి తను కూడా నాతోపాటు చెప్పేది. ఆమెకు టీచరు ట్రైనింగుకు గుంటూరులో ఇంటర్వ్యూ వచ్చింది. దసరా వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నం లోపు అక్కడ ఉండాలి. మరుసటి సంవత్సరానికి వయసు దాటిపోతుంది కాబట్టి ఇదే ఆమెకు ఆఖరి అవకాశం. అప్పుడేమో బస్సుల సమ్మె నడుస్తోంది. నాన్న వాళ్ళింటికి వెళ్ళి, కారులో నేను దింపుతాను, మీరు నిశ్చింతగా ఉండండి అని చెప్పి వచ్చాడు. ఆ మాట విని అక్క వాళ్ళమ్మ మా నాయనమ్మ చేతులు పట్టుకుని ఏడ్చింది.

అంతా బాగానే ఉండేది, పండగ రెండు రోజులుందనగా కారు ముందువైపు నుంచి గొలుసు ఈడ్చిన చప్పుడు రాకపోయి ఉంటే.

మా కారు బాగుచేసే మేస్త్రి చర్చి వీధిలో ఉండేవాడు. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. నోట్లో ఎప్పుడూ కిళ్ళీ, నడుముకు కట్టిన గుడ్డలో సున్నం డబ్బీ. ఆయన ఇంజను ముందు మూత విప్పి చూసి, లోపలి గొలుసు సాగిపోయిందని, కొత్తది తెప్పించాల్సిందేనని చెప్పాడు. ఆ గొలుసు పని ఏమిటో ఆయన తర్వాత నాకు చెప్పిన తీరు ఇప్పటికీ గుర్తే. ఇంజను లోపల రెండు పళ్ళచక్రాలుంటాయి, సైకిలుకు ఉన్నట్టే వాటిని ఒక గొలుసు కలుపుతుంది. కింది చక్రం పిస్టన్లతో పాటు తిరుగుతుంది. పై చక్రం క్యామ్ షాఫ్టు అనే పొడవాటి కడ్డీని తిప్పుతుంది. ఆ కడ్డీకి కోడిగుడ్డు ఆకారంలో గుబ్బలుంటాయి, అవి సరిగ్గా సమయానికి వాల్వులను తెరవాలి. ఒక రోట్లో ఇద్దరు ఆడవాళ్ళు కారం దంచుతుంటారు చూడు తల్లీ, ఒకరి రోకలి లేచినప్పుడే ఇంకొకరిది పడాలి, ఇదీ అంతే అన్నాడు.

గొలుసుతో పాటు ఆయన చక్రాలను, అరుగుదల చూద్దామని క్యామ్ షాఫ్టును కూడా బయటికి తీశాడు. మళ్ళీ బిగించేటప్పుడు రెండు చక్రాల మీది గుర్తులు ఎదురెదురుగా రావాలి. మా కారులో ఒక చక్రం మునుపెప్పుడో మార్చింది, దాని మీద గుర్తు లేదు. రెండోదాని మీద గుర్తు అరిగిపోయింది. అందుకని విప్పే ముందే తన డబ్బీలోంచి వేలితో సున్నం తీసి రెండు చక్రాలకూ చెరొక పన్ను మీద రాశాడు. ఆ సంగతి అప్పుడు ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందని ఆయనకు తోచి ఉండదు. సామానంతా సత్తు బేసిన్లో పెట్టి, గోనెసంచి కప్పి, మా వసారాలో ఉంచి వెళ్ళాడు. కొత్త గొలుసు పండగ ముందురోజు సాయంత్రానికి గుంటూరు నుంచి లారీలో వచ్చింది. కానీ పండగ నాడు మా ఇంట్లో పనిముట్టు ముట్టుకోకూడదు. కాబట్టి మర్నాడు తెల్లవారుతూనే వచ్చి బిగించేస్తానని, అక్క వేళకు గుంటూరులో ఉంటుందని మాట ఇచ్చాడు.

దసరా రోజున మా నాయనమ్మ ఇంట్లో ఉన్న కొడవళ్ళు, పారలు, మందు కొట్టే పంపు, కత్తిపీట, చివరికి నా పలక కూడా కడిగి బొట్లు పెట్టింది. ఆ తర్వాత గోనెసంచి ఎత్తి చూసింది. లోపల అంతా నల్లటి జిడ్డు. ఆమె ముఖంలో ఎంత బాధ కనిపించిందో. రేపు పిల్లను తీసుకెళ్ళాల్సిన బండి గుండెకాయ ఇది, దీన్ని ఈ మురికితోనా దేవుడి ముందు పెట్టేది అంది. నన్ను నీళ్ళు పొయ్యమని, చింతపండు, బూడిద తీసుకుని, బిందెలు తోమినట్టు ఒక్కొక్క పన్నూ తోమింది. ఇనుము వెండిలా తేలింది. పాత పంచెతో తుడిచి, పసుపు పూసి, చక్రాలకు, ఆ కడ్డీ మీద ఉన్న గుబ్బగుబ్బకూ కుంకుమ బొట్టు పెట్టింది. హారతి ఇస్తూ పైకే మొక్కుకుంది. "పిల్లను క్షేమంగా తీసుకెళ్ళు తండ్రీ. ఉద్యోగంతో తీసుకురా." పొలం నుంచి వచ్చిన నాన్న అది చూసి నవ్వి, కళ్ళకద్దుకుని భోజనానికి కూర్చున్నాడు.

మర్నాడు మేస్త్రి బాబాయ్ అన్నమాట ప్రకారమే వచ్చాడు. అక్క అప్పటికే తయారై మా అరుగు మీద కూర్చుని ఉంది. గంజి పెట్టిన తెల్లచీర, తలలో చేమంతి. నాయనమ్మ పక్కన నిలబడి, అక్కడ పెద్దవాళ్ళు కనపడగానే దణ్ణం పెట్టు, అడిగినదానికి గట్టిగా చెప్పు అని పాఠం చెబుతోంది. అదే వేళకు గుంటూరు వెళ్ళే పత్తి లారీ ఒకటి మా ఇంటి ముందు ఆగింది. డ్రైవరు తెలిసినవాడే, కావాలంటే పిల్లను ముందు కూర్చోబెట్టుకుని తీసుకెళతానన్నాడు. నాన్న ఒప్పుకోలేదు. లారీలో ఎందుకు, కారు ఇప్పుడే అయిపోతుంది, దర్జాగా వెళుతుంది అన్నాడు. లారీ వెళ్ళిపోయింది.

అప్పుడు బాబాయ్ వసారాలోకి వచ్చి గోనెసంచి తీశాడు. అక్కడ ఆయనా నేనూ తప్ప ఎవరూ లేరు. ఒక చక్రం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. పళ్ళ సందుల్లో పసుపు గడ్డకట్టి ఉంది.

"ఎవరు తల్లీ ఇంత శుభ్రంగా తోమింది?"

"నాయనమ్మ" అన్నాను గొప్పగా. "నేనే నీళ్ళు పోశా."

"సున్నం పెట్టానమ్మా దీనికి" అన్నాడు మెల్లగా. ఒక పన్ను మీద వేలు పెట్టాడు, దాని పక్కదాని మీద పెట్టాడు, తర్వాత తీసేశాడు. వాకిలి లోంచి అరుగు మీదకు చూశాడు. అక్కడ నాయనమ్మ అక్క నుదుట బొట్టు సరిచేస్తోంది.

నాన్న వచ్చి ఎంతసేపు పడుతుందని అడిగాడు. బాబాయ్ తల ఎత్తకుండా, "గుర్తు పెట్టడం మర్చిపోయానన్నా" అన్నాడు.

నేను నోరు తెరిచాను. ఆయన నా వైపు చూడనైనా లేదు, తల మాత్రం కొంచెం అడ్డంగా ఆడించాడు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది.

నాన్న అరిచిన అరుపులు ఇక్కడ రాయను. పోయినాయన, పైగా నాన్న. లారీని వద్దని పంపేసింది తనే అన్న సంగతి ఆయనకు గుర్తొచ్చి ఉంటుంది, దాన్ని కూడా కలిపి బాబాయ్ మీదే పోశాడని ఇప్పుడనిపిస్తుంది. నాయనమ్మ కూడా అందుకుంది. "ఏందిరా నువ్వు, పనిమంతుడివని నమ్మితే ఇట్టా చేస్తావా? ఆ పిల్ల ముఖమన్నా చూశావా?" అంది. బాబాయ్ "తప్పేనమ్మా" అని, ఒక చీపురుపుల్ల కావాలని అడిగాడు. ఆ పుల్ల కోసం నాయనమ్మే లోపలికి వెళ్ళింది. కొత్త చీపురు విప్పి, వాటిల్లో తిన్నగా ఉన్నది ఏరి తెచ్చి ఇచ్చింది.

ఆ పుల్లను ప్లగ్గు తీసిన రంధ్రంలో పెట్టి, నాన్నను ముందువైపు హ్యాండిలు పెట్టి ఇంజను తిప్పమన్నాడు. పుల్ల పైకి లేస్తూ లేస్తూ ఒకచోట ఆగుతుంది. అక్కడ పిస్టన్ పైన ఉన్నట్టు లెక్క. అది తెలిసినా సగమే తెలిసినట్టు. ఆ సమయానికి క్యామ్ షాఫ్టు ఎటు తిరిగి ఉండాలో చెప్పే సున్నం చింతపండు రసంలో కలిసి మా పెరట్లోని అరటిచెట్టు మొదట్లోకి పోయింది. ఆయన కడ్డీని లోపలికి దించి, వాల్వులు కదిలే తీరు చూసి, తోచినట్టు చక్రాలు పెట్టి గొలుసు ఎక్కించాడు. అంతా బిగించి స్టార్టు చేస్తే ఇంజను దగ్గింది, పొగ కక్కింది, ఆగిపోయింది. మళ్ళీ అంతా విప్పాల్సి వచ్చింది.

పెద్దవాళ్ళకు కూడా చేతకాని వేళలుంటాయని నాకు ఆ రోజే తెలిసింది. అంతకుముందు ఏం జరిగినా నాన్న ఏదో ఒకటి చేస్తాడనుకునేదాన్ని. ఆ రోజు నాన్న రోడ్డు మీదకు వెళ్ళి లారీ కోసం చూడడం, వెనక్కి రావడం, మళ్ళీ వెళ్ళడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాడు. ఒక్క బండి రాలేదు. అక్క వాళ్ళమ్మ వచ్చి కాసేపు నిలబడింది. ఆ పొగ, ఆ విప్పడం చూడలేక పైట నోటికి అడ్డం పెట్టుకుని చేలోకి వెళ్ళిపోయింది. ఎండ అరుగు మీదకు ఎక్కింది. అక్క కాస్త కాస్త జరుగుతూ గోడకు ఆనుకుంది. చివరికి లేచి వచ్చి, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపి, బాబాయ్‌కి ఒక్కొక్క సామాను అందించడం మొదలుపెట్టింది. పళ్ళ సందుల్లోని పసుపును ఆయన పిన్నీసుతో తీస్తుంటే ఆమె కళ్ళార్పకుండా చూసింది. చెప్పేస్తే బాగుండుననిపించింది, చెబితే ఏమవుతుందోనని భయమూ వేసింది. ఎటూ కదలలేక స్తంభం పట్టుకుని నిలబడ్డాను.

రెండోసారి బిగించాక ఇంజను అందుకుంది. ఎంత హాయిగా అందుకుందంటే, అందరూ ఒక్కసారిగా ఊపిరి వదిలారు. కానీ అప్పటికి సూర్యుడు నడినెత్తికి వచ్చేశాడు. ఆడపిల్ల ఒక్కతే ఎందుకని నాయనమ్మ నన్ను తోడుగా ఎక్కించింది. నాన్న ఎన్నడూ తోలనంత వేగంగా తోలాడు. చిలకలూరిపేట దాటాక అక్క రుమాలుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది. గ్రీజు పోలేదు.

గుంటూరులో మేము వెళ్ళేసరికి ఆ ఆఫీసు వసారాలో బెంచీలు ఖాళీగా ఉన్నాయి. ఒక గుమాస్తా గది తలుపులు వేస్తున్నాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. మంచినీళ్ళు ఇప్పించి, అందరూ వెళ్ళిపోయారమ్మా, నా చేతిలో ఏమీ లేదు అన్నాడు. నాన్న రెండు చేతులూ జోడించాడు. మా నాన్న ఒక మనిషికి అలా చేతులు జోడించడం నేను చూడడం అదే మొదలు. అక్కే నాన్న మోచెయ్యి పట్టుకుని, "పోదాం పదండి" అంది.

తిరిగి వచ్చేటప్పుడు ఇంజను చప్పుడు కూడా లేదు. కొత్తబండిలా పోతోంది. అది అంత బాగా నడుస్తుంటే నాకు ఏడుపొచ్చింది. అక్క నన్ను దగ్గరికి తీసుకుని, నాన్నకు వినపడకుండా చెవిలో చెప్పింది. "నాకు తెలుసులే. నాయనమ్మకి మాత్రం చెప్పమాక." ఆమె గోళ్ళలో గ్రీజుతో పాటు పసుపు కూడా ఉంది.

నాయనమ్మ మా కోసం వీధి మొదట్లోనే నిలబడి ఉంది. విషయం తెలిసి కూలబడిపోయింది. నా పూజలో ఏం లోపం జరిగిందోనే అని తలకొట్టుకుంది. అక్క ఆమె పక్కనే నేల మీద కూర్చుని, "నీ పూజకేం నాయనమ్మా, బండి ఎంత బాగా పోయిందో. మేస్త్రి గుర్తు పెట్టుకోక ఆలస్యమైంది, అంతే" అంది. నాయనమ్మ కళ్ళు తుడుచుకుంది. పట్టుకోవడానికి ఆమెకు ఏదో ఒకటి దొరికింది. ఆ క్షణం నుంచి ఆమె బాధంతా కోపమై మేస్త్రి మీదకు మళ్ళింది.

అక్కడితో అయిపోలేదు. నాన్న మళ్ళీ ఆయన చేత కారు ముట్టించలేదు, చిలకలూరిపేటలో వేరే మెకానిక్కును చూసుకున్నాడు. ఊళ్ళో ట్రాక్టర్ల వాళ్ళు కూడా ఆయనకు పని ఇస్తూ, గుర్తు పెట్టుకుంటావా మేస్త్రీ అని పళ్ళికిలించేవాళ్ళు. మా నాయనమ్మ ఆయన వీధిలో కనపడితే చాలు, పని ఆపుకుని మరీ తిట్టేది. "పిల్ల బతుకు పాడుచేశావు కదరా" అనేది. ఆయన సైకిలు దిగి, తిట్లు అయిపోయేదాకా నిలబడి, "తప్పేనమ్మా" అని వెళ్ళేవాడు. నేను తలుపు వెనక నుంచి వినేదాన్ని. చెబితే నాయనమ్మ కుప్పకూలుతుంది. చెప్పకపోతే బాబాయ్ నలుగుతాడు. ఏం చెయ్యాలో తోచక అన్నం ముందు కూర్చుని ఏడిస్తే, పిల్లకు దిష్టి తగిలిందని నాయనమ్మ నాకు ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది.

ఒకరోజు ఉండబట్టలేక చర్చి వీధికి వెళ్ళాను. బాబాయ్ తన పాకలో ఎవరిదో ఆయిలింజను విప్పుకుని కూర్చున్నాడు.

"చెప్పేయనా బాబాయ్?" అన్నాను.

ఆయన చేతులు తుడుచుకుని నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. "చెబితే ఏమయిద్ది తల్లీ? ఆ పిల్లకి సీటు వచ్చిద్దా? మీ నాయనమ్మ ఇంక ఏ దేవుడికీ బొట్టు పెట్టలేదు. చెయ్యి వణికిద్ది." సున్నం డబ్బీ మూత బిగిస్తూ, "నన్ను తిడితే నేను మళ్ళీ రేపు పనిలోకి పోతాను. ఆమె తనను తాను తిట్టుకుంటే ఇంక లేవదు" అన్నాడు.

వాళ్ళ ఇంట్లో బొట్లు, హారతులు లేవు. అయినా మా నాయనమ్మ బొట్టు ఏమిటో ఆయనకు మా అందరికంటే ఎక్కువ తెలుసు. నేను ఇంటికి వచ్చేశాను. చెప్పలేదు.

అక్కకు ఆ అవకాశం మళ్ళీ రాలేదు. కొన్నేళ్ళు పొగాకు గ్రేడింగు కూలికి వెళ్ళింది, తర్వాత అద్దంకిలో కాపురం పెట్టి, ఇంటి అరుగు మీద పిల్లలకు ఎక్కాలు చెప్పింది. బాగానే బతికిందిగా అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. బాగా బతకడం వేరు, ఆమె కోరుకున్నది వేరు.

నాయనమ్మ చివరి రోజుల్లో మంచం పట్టింది. నన్నే ఎవరమ్మా నువ్వు అని అడిగేది. అలాంటప్పుడు ఒక సాయంత్రం మేస్త్రి బాబాయ్ బత్తాయిలు తీసుకుని చూడడానికి వచ్చాడు. ఆయన జుట్టు కూడా నెరిసింది. గుమ్మం దగ్గర నిలబడగానే నాయనమ్మ ఆయన వైపు చాలాసేపు చూసింది. కన్నబిడ్డలు గుర్తులేరు గానీ ఆయన గుర్తున్నాడు.

"ఏరా మేస్త్రీ, ఈసారి గుర్తు పెట్టావా?"

"పెట్టానమ్మా" అన్నాడు.

"మర్చిపోమాక. పిల్ల పోవాల." అంత చెప్పి కళ్ళు మూసుకుంది. బాబాయ్ మంచం పక్కనే ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి, కాఫీ పెడుతున్నానని చెప్పి, ఆ పొగలో తనివితీరా ఏడ్చాను.

ఇప్పుడు నేనే నాయనమ్మను. మా అబ్బాయి కారుకు ఆయుధపూజ నాడు నేనే బొట్టు పెడతాను. బానెట్ లోపల మాత్రం వేలు పెట్టను. కడిగే ముందు ఏ వస్తువునైనా వెనక్కీ ముందుకూ తిప్పి చూసే అలవాటు ఆ రోజు నుంచి ఉంది. కానీ మనం చూసుకునేది ఎంత.

మొన్న డాబా మీద మా కోడలు రెండు పళ్ళేల్లో మిరప విత్తనాలు ఆరబోసింది. ఒకటి పచ్చళ్ళకు పనికొచ్చే లావుకాయ, ఒకటి కారానికి. మబ్బు పట్టింది. ఆమె బజారుకు వెళ్ళింది కదా అని, మోకాళ్ళ నొప్పితోనే పైకి ఎక్కి, తడవకుండా కిందికి తెచ్చి పెట్టాను. సాయంత్రం మా అబ్బాయి వచ్చి చూస్తే విత్తనాలు కలిసిపోయి ఉన్నాయి. పెళ్ళాం మీద విసుక్కున్నాడు. ఆ పిల్ల నెమ్మదిగా, "నేనే కలిపేశానండి, చూసుకోలేదు" అంది.

నేను అందుకుని, ఇంత పరధ్యానమైతే ఎట్లా అమ్మాయ్ అనబోయాను. నోటి దాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. పైనుంచి రెండూ ఒకే పళ్ళెంలోకి ఒంపుకుని దిగానా, రెండు పళ్ళేలతోనా? ఎంత ఆలోచించినా నాకు గుర్తు రాలేదు. "నిజంగా నువ్వేనా?" అని అడిగాను. కోడలు నా వైపు చూడలేదు. "మీరు మందు వేసుకున్నారా అత్తయ్యా?" అంటూ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నుంచి ఈ ఇంట్లో ఎవరు తప్పు నాదే అన్నా నాకు తిట్టడానికి నోరు రావడం లేదు.